మామ గద్దె, అల్లుడి దండు, అనంతపురం వదరుబోతు

మొదటి ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజుల్లో, 1917 ప్రాంతంలో, అనంతపురంలో పప్పూరు రామాచార్యులూ ఆయన మిత్రులు కొందరూ ‘వదరుబోతు’ పేరుతో వ్యాసాలు రాశారు. వాటిలో మిగిలినవి 1930ల్లో పుస్తకంగా వచ్చాయి. తెలుగు వ్యాసం గురించి రాసేవాళ్లు వీటి దగ్గరికి వచ్చేసరికి ఒక మాట తప్పకుండా చెబుతారు: లండన్‌లో రిచర్డ్ స్టీల్ 1709లో మొదలుపెట్టిన ‘టాట్లర్’ పత్రికే దీనికి ఒరవడి అని. అంతటితో ఆగిపోతారు. దాంతో పాఠకుడి మనసులో ఒక బొమ్మ నిలిచిపోతుంది. విగ్గులు పెట్టుకున్న దొరలు కాఫీ తాగుతూ మర్యాదల మీద కబుర్లు చెప్పుకున్నారనీ, మనవాళ్లు ఆ కబుర్ల తీరును దించుకున్నారనీ.

టాట్లర్ పుట్టిన ఇల్లు అంత నెమ్మదైనది కాదు. ఒక రాజు గద్దె దిగి, ఆ గద్దె మీద అతని అల్లుడు కూర్చున్నాక, ఇద్దరి మనుషులూ పాతికేళ్ల పాటు కరపత్రాలతో కొట్టుకున్నారు. ఆ కొట్లాటలో పదునెక్కిన పనితనమే తర్వాత నెమ్మదిగా మాట్లాడటం నేర్చుకుంది.

సంగతి ఇదీ. ఇంగ్లండు రాజు రెండో జేమ్స్ కేథలిక్కు. ప్రజల్లో అత్యధికులు ప్రొటెస్టెంట్లు. 1685లో అతను గద్దె ఎక్కినప్పుడు చాలామంది ఓర్చుకున్నారు. మగపిల్లలు లేరు, పెద్ద కూతురు మేరీ ప్రొటెస్టెంటు, ఆమె భర్త డచ్చి దేశపు విలియం కూడా అంతే. ముసలాయన కాలం చెల్లితే అంతా సర్దుకుంటుందన్న ధీమా. 1688 జూన్‌లో జేమ్స్ రెండో భార్యకు కొడుకు పుట్టాడు. ఆ ధీమా ఆ రోజుతో పోయింది. ఏడుగురు పెద్దలు విలియంకు రహస్యంగా కబురు పెట్టారు. నవంబరు 5న అతను సైన్యంతో టోర్‌బే రేవులో దిగాడు. డిసెంబరులో జేమ్స్ ఫ్రాన్సుకు పారిపోయాడు. 1689 ఫిబ్రవరిలో పార్లమెంటు కిరీటాన్ని విలియం, మేరీలిద్దరికీ కలిపి ఇచ్చింది. విలియం జేమ్స్‌కు అల్లుడే కాదు, స్వయానా మేనల్లుడు కూడా. మేనరికాలు ఎరిగిన సీమలో ఈ చుట్టరికాన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ యుద్ధంలో కత్తికి పెద్దగా పని పడలేదు, కనీసం ఇంగ్లండు గడ్డ మీద. పని పడింది కాగితానికే. పుట్టిన బిడ్డ రాణి కన్నబిడ్డ కాదనీ, పక్క వెచ్చబెట్టే నిప్పుల పళ్లెంలో దాచి ఎవరో పసివాణ్ణి గదిలోకి చేరవేశారనీ పుకారు అచ్చయి తిరిగింది. జేమ్స్ దాన్ని పట్టించుకోకుండా ఉంటే బాగుండేది. అతను నలభైమందికి పైగా సాక్షుల్ని పిలిపించి, ప్రసవం కళ్లారా చూశామని చెప్పించి, ఆ వాంగ్మూలాలను అచ్చు వేయించాడు. పురిటిగది సంగతులు రాజాజ్ఞతో ఊరూరా తిరిగాయి. పుకారు వినని వాడు కూడా ఆ ఖండన చదివి పుకారు తెలుసుకున్నాడు. ఎదుటివాడు ఖండించక తప్పని అబద్ధం ఆడటం కరపత్రకారుడి పనిముట్లలో అతి పాతది, అతి నీచమైనది కూడా. వాట్సాప్ కాలంలో దాని బలం గురించి ఎవరికీ అనుమానం ఉండదు.

విలియం ఓడలు బయల్దేరక ముందే సిద్ధమైన ప్రకటన ఇంకా గట్టి పనితనం. డచ్చి మంత్రి ఫాగెల్ దాన్ని కూర్చాడు. స్కాట్లండు నుంచి వచ్చి విలియం కొలువులో చేరిన మతాచార్యుడు గిల్బర్ట్ బర్నెట్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. వేలకొద్దీ ప్రతులు సముద్రం దాటాయి. జేమ్స్ చెడ్డ సలహాదారుల గురించి, చట్టాల ఉల్లంఘన గురించి, బిడ్డ పుట్టుక మీద అనుమానం గురించి అందులో ఉంది. స్వేచ్ఛగా ఎన్నికైన పార్లమెంటు కావాలని ఉంది. గద్దె నాకు కావాలన్న మాట మాత్రం ఎక్కడా లేదు! సైన్యాన్ని వెంటేసుకుని వస్తున్నవాడు ఒక్క కోరికను మాత్రం చెప్పకుండా మిగతావన్నీ చెప్పాడు. చదివినవాళ్లు ఎవరికి కావలసిన విలియంను వాళ్లు అందులో చూసుకున్నారు.

అల్లుడు గద్దె ఎక్కాక అసలు చిక్కు మొదలైంది. జేమ్స్‌కు విధేయులమని ప్రమాణం చేసినవాళ్లు విలియంకు మళ్లీ ఎలా ప్రమాణం చేస్తారు? చేయలేమని దాదాపు 400 మంది మతాచార్యులు పదవులు వదులుకున్నారు. వాళ్లలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు శాంక్రాఫ్ట్ కూడా ఉన్నాడు. హక్కు ఉన్న రాజు ఒకడు, గద్దె మీద ఉన్న రాజు ఒకడు, ఎవరికి లోబడాలి? ఈ ఒక్క ప్రశ్న మీద గుట్టలకొద్దీ కరపత్రాలు పుట్టాయి. లండన్ మతపండితుడు విలియం షెర్లాక్ మొదట ప్రమాణం చేయనన్నాడు. 1690లో చేశాడు. ఎందుకు చేశానో చెబుతూ పుస్తకమే రాశాడు. మరుసటి ఏడు సెయింట్ పాల్స్ చర్చి డీన్ పదవి దక్కింది. ఇంకేముంది, ఎగతాళి కరపత్రాలు విరుచుకుపడ్డాయి. ఆయన మనసు మార్చింది శాస్త్రం కాదు, ఇంట్లో ఆయన భార్య అని. తర్కానికి తర్కంతో జవాబిస్తే పండితులు మాత్రమే చదువుతారు, పెళ్లాం మాట విన్నాడంటే ఊరంతా చదువుతుందని ఆ రాతగాళ్లకు బాగా తెలుసు. అది న్యాయమైన పద్ధతి అనలేం గానీ, పండితుడి పుస్తకం కంటే ఆ ఎగతాళే ఎక్కువ దూరం పోయింది.

అనంతపురం ప్రాంతపు రైతుకు ఈ చిక్కు కొత్తది కాదు. 1800లో నిజాం ఈ దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చినప్పుడు అతన్నెవరూ ప్రమాణం అడగలేదు, శిస్తు అడిగారు.

ఇక లండన్‌లో అచ్చు వేసేవాడి కష్టాలు వేరు. లైసెన్సు లేకుండా అచ్చు వేయకూడదు. కాబట్టి కరపత్రం మీద రచయిత పేరు ఉండదు, ముద్రాపకుడి పేరు ఉండదు, ఉన్నా అది ఏ ఊరి పేరో పెట్టిన బొంకు అయి ఉంటుంది. జేమ్స్ పక్షం వాళ్లను జాకోబైట్లు అనేవారు. వాళ్ల కరపత్రాలు అచ్చు వేశాడని విలియం ఆండర్టన్ అనే ముద్రాపకుణ్ణి 1693 జూన్‌లో టైబర్న్‌లో ఉరితీశారు. రాసినవాడు కాదు, అచ్చు వేసినవాడు. స్వేచ్ఛను నిలబెట్టిన రాజుగా పాఠ్యపుస్తకాల కెక్కిన విలియం ఏలుబడిలోనే ఇది జరిగింది. ఉరికంబం దగ్గర ఆండర్టన్ అధికారుల చేతిలో ఒక కాగితం పెట్టాడు. అదీ కరపత్రమై బయటికొచ్చింది. 1695లో లైసెన్సు చట్టం గడువు తీరింది, పార్లమెంటు దాన్ని పొడిగించలేదు. ఆ తర్వాత అచ్చుకు ముందు అనుమతి అక్కర్లేదు, అచ్చయ్యాక జైలు మాత్రం ఉంది.

జైలు ఉందంటే ముసుగు కావాలి. ముసుగు వేయడంలో డేనియల్ డెఫోను మించినవాడు లేడు. 1700లో జాన్ టచిన్ అనే ఆయన విలియంనూ అతని డచ్చి ఆశ్రితులనూ పరాయివాళ్లని తిడుతూ పద్యం అచ్చు వేశాడు. డెఫో 1701లో దానికి జవాబిచ్చాడు. విలియం మంచివాడని వాదిస్తూ కూర్చోలేదు. ఇంగ్లీషువాడి రక్తం ఎక్కడిదని అడిగాడు. రోమన్లు, శాక్సన్లు, డేనులు, నార్మన్లు ఒకరి మీద ఒకరు వచ్చి పడితే తయారైన జాతి, మరొకణ్ణి పరాయివాడని ఎలా అంటుందని ఎకసెక్కం చేశాడు. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. దొంగ ముద్రణలకూ లెక్క లేదు.

1702 ఫిబ్రవరిలో విలియం గుర్రం మీద నుంచి పడి, ఆ గాయంతో మార్చిలో పోయాడు. గుర్రం కాలు ఎలక కన్నం లాంటి ఒక గుంటలో పడిందట. దాన్ని తవ్విన చిన్న జంతువుకు జాకోబైట్లు ‘నల్ల మఖ్మలు కోటు వేసుకున్న చిట్టి దొర’ అని పేరుపెట్టి, విందుల్లో గ్లాసులు ఎత్తేవారు. పట్టుకుందామంటే అందులో రాజద్రోహం ఏమీ లేదు. ఒక చిన్న జంతువును పొగిడారు, అంతే.

అదే ఏడాది చివర్లో డెఫో ఇంకో సాహసం చేశాడు. అధికారిక చర్చిలో చేరని ప్రొటెస్టెంట్లను ఏరిపారేయాలని చిందులు తొక్కే పెద్దల గొంతును అరువు తెచ్చుకుని, వాళ్లందర్నీ వెళ్లగొట్టాలి, ఉరితీయాలి అని పేరు లేకుండా ఒక కరపత్రం రాశాడు. డెఫో తానే అలాంటి ప్రొటెస్టెంటు. ఆ పెద్దల్లో కొందరు నిజమేననుకుని మెచ్చుకున్నారని చెబుతారు. గుట్టు తెలిశాక వాళ్ల కోపానికి హద్దు లేదు. 1703 జూలైలో మూడు రోజులు అతన్ని బొండకొయ్యలో పెట్టి జనం ముందు నిలబెట్టారు. రాళ్లకు బదులు పూలు పడ్డాయన్నది ఒక కథ. ఆ బొండకొయ్య మీదే పద్యం రాసి అమ్మించాడన్నది చరిత్ర. తెలుగువాళ్లకు నిందాస్తుతి కొత్త కాదు. కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళాంధ్రదేవుణ్ణి శతకమంతా అలాగే పలకరించాడు. దేవుడికి వ్యంగ్యం అర్థమవుతుంది. అధికారికి అర్థం కాదు, అర్థమైనా కానట్టు ఉంటాడు. 1713లో జేమ్స్ కొడుకే రాజైతే ఎంత బాగుంటుందో అని డెఫో వెటకారంగా రాస్తే, అక్షరాలా చదివి రాజద్రోహమని పట్టుకున్నారు. అప్పుడు గద్దె మీద ఉన్న రాణి క్షమాభిక్ష ఇచ్చేదాకా గొడవ తేలలేదు.

జేమ్స్ పక్షంలో అంతటి గట్టివాడు చార్లెస్ లెస్లీ. టచిన్ తన పత్రికను ఒక పల్లెటూరివాడితో సంభాషణగా నడిపేవాడు. లెస్లీ అదే సంభాషణ పద్ధతిని, అవే పాత్రలను లాక్కుని 1704 నుంచి తన ‘రిహార్సల్’ పత్రికలో ఎదురు వాదన చెప్పించాడు. జనంలో ఎక్కువమందికి చదువు రాదనీ, చదవగలిగిన ఒక్కడి చుట్టూ చేరి వింటారనీ అతను గమనించాడు. చెవితో వినేవాడికి పేరాలు గుర్తుండవు, మాటకు మాట గుర్తుంటుంది. దినపత్రిక ఒక్కటే వచ్చే పల్లెలో రచ్చబండ మీద చదువు ఎలా సాగేదో తెలిసినవాళ్లు లెస్లీ తెలివిని ఇట్టే పోల్చుకుంటారు.

టాట్లర్‌కు దారి ఇక్కడి నుంచే. జాన్ పార్ట్రిడ్జ్ అనే పంచాంగకర్త జేమ్స్ కాలంలో హాలండుకు పారిపోయి, ఆ రాజుకు కాలం మూడిందని జోస్యాలు అచ్చు వేశాడు. అల్లుడు గెలిచాక తిరిగొచ్చి పంచాంగాలు అమ్ముకుంటున్నాడు. 1708లో జోనథన్ స్విఫ్ట్ ‘ఐజక్ బికర్‌స్టాఫ్’ అనే దొంగపేరుతో తానూ జ్యోతిష్కుణ్ణేనంటూ, పార్ట్రిడ్జ్ మార్చి 29న చస్తాడని జోస్యం ప్రకటించాడు. ఆ రోజు దాటాక, చచ్చాడని ఇంకో కరపత్రం వేశాడు. బతికే ఉన్నానని పార్ట్రిడ్జ్ మొత్తుకుంటే, ఈ మాటలు బతికున్నవాడెవడూ రాయడని స్విఫ్ట్ తేల్చేశాడు. మరుసటి ఏడు స్టీల్ టాట్లర్ మొదలుపెడుతూ, అప్పటికే లండన్ అంతా నవ్వుకున్న ఆ బికర్‌స్టాఫ్‌నే సంపాదకుడని ప్రకటించాడు. సౌమ్యమైన వ్యాసం తొలినాడు వేసుకున్నది కరపత్రకారుడు విప్పి పారేసిన ముసుగు.

లోపలి మనిషి కూడా మారలేదు. 1714లో స్టీల్ ప్రొటెస్టెంటు వారసత్వాన్ని సమర్థిస్తూ ‘క్రైసిస్’ అనే కరపత్రం రాసి, ఆ మార్చిలో పార్లమెంటు నుంచి బహిష్కారానికి గురయ్యాడు. స్టీల్ సహరచయిత, పరీక్షల కోసం మన విద్యార్థులు తరతరాలుగా బట్టీపట్టిన అడిసన్ సంగతీ అంతే. 1715లో జేమ్స్ కొడుకు కోసం తిరుగుబాటు లేస్తే, దాన్ని ఎదుర్కోవడానికే ‘ఫ్రీహోల్డర్’ నడిపాడు. అందులో పరాయి రాజులంటే మండిపడే ఒక వేటగాడైన జమీందారును సృష్టించి, అతన్ని తిట్టకుండా, మాట్లాడనిచ్చి నవ్వులపాలు చేశాడు.

ఇదంతా కలుపుకుని చూస్తే తెలుగు వ్యాసం పుట్టుక వేరేగా కనబడుతుంది. పానుగంటి లక్ష్మీనరసింహారావు 1913లో ‘సాక్షి’ మొదలుపెట్టి జంఘాల శాస్త్రి నోట ఉపన్యాసాలు పలికించారు. నాలుగేళ్లకు దత్తమండలాల్లో వదరుబోతు నోరు విప్పాడు. కాలం ఎలాంటిది? కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన వ్యాసానికి రాజద్రోహం కింద మూడేళ్ల శిక్ష పడింది. 1910 ప్రెస్ చట్టం కింద కొత్త ముద్రణాలయం 500 నుంచి 2,000 రూపాయల దాకా ధరావతు కట్టాల్సి వచ్చేది. మద్రాసులో అనిబిసెంట్ పత్రిక ధరావతు జప్తయింది, 1917 జూన్‌లో ఆమెనే నిర్బంధించారు. అలాంటి రోజుల్లో వాగుడుకాయనని ముందే ఒప్పుకున్న గొంతుకు ఒక వెసులుబాటు ఉంటుంది. మనుషుల అలవాట్లను, చాదస్తాలను వేళాకోళం చేసుకోవచ్చు, ఎవరూ కేసు పెట్టరు. వదరుబోతు రాసినవాళ్లు ఇలా లెక్కవేసుకుని ఆ ముసుగు వేసుకున్నారని చెప్పడానికి లేదు గానీ, ఆ పద్ధతిలోనే ఆ రక్షణ కలగలిసి వచ్చింది.

రామాచార్యులు తర్వాత ముసుగు తీశారు. 1926లో అనంతపురం నుంచి ‘శ్రీ సాధన’ వారపత్రిక మొదలైంది. కాంగ్రెసు మాటను, కరువుసీమ గోడును తమ పేరుతోనే అచ్చు వేశారు, జైలుకూ వెళ్లారు. వదరుబోతులో చేయి తిరగకపోతే శ్రీ సాధన అంత తేటగా పలికేది కాదేమో.

అదే జిల్లాలో కరపత్రం ఇంకో దారి కూడా పట్టింది. తరిమెల నాగిరెడ్డి యుద్ధం వల్ల వచ్చే ఆర్థిక ఫలితాల మీద చిన్న పుస్తకం రాసి 1940లో జైలుపాలయ్యారు. 1952 ఎన్నికల్లో జైల్లో ఉంటూనే తన బావ నీలం సంజీవరెడ్డిని ఓడించారు. మామా అల్లుళ్ల పోరుకు దీటైన బావ బావమరుదుల పోరు; ఇక్కడ ఎవరూ ఫ్రాన్సుకు పారిపోనక్కర్లేకపోయింది. 1970ల్లో కుట్ర కేసులో ముద్దాయిగా నిలబడ్డప్పుడు నాగిరెడ్డి కోర్టుకు ఇచ్చిన వాంగ్మూలం మామూలు వాంగ్మూలం కాదు. దేశంలోకి వచ్చిన విదేశీ పెట్టుబడి మీద అంకెలతో సాగిన పెద్ద గ్రంథం. ఆండర్టన్ ఉరికంబం దగ్గర ఇచ్చిన కాగితంలాగే అదీ చట్టం ముందు పెట్టిన మాట, జనం కోసం రాసిన మాట. 1976లో ఆయన పోయాక అది ‘తాకట్టులో భారతదేశం’ పేరుతో తెలుగు పాఠకుల చేతికి వచ్చింది.