గాయము మానిన పిదప

శస్త్రచికిత్స పొందిన ముఖమునకు అలంకారము చేయు విద్యలో ప్రథమపాఠము వేచియుండుటయే యని, షాద్‌నగరమున ఏండ్ల తరబడి పెండ్లికూతుండ్రను ముస్తాబు చేసినదానను గనుక, నిస్సంకోచముగా చెప్పగలను. బెంగుళూరు రహదారిపై ప్రమాదమున దవడ విఱిగి, పట్నములో ఆపరేషను చేయించుకొని, లగ్నము సమీపించు వేళకు పార్లరు మెట్లెక్కు బిడ్డలు కలరు. “అక్కా, మచ్చ కానరాకుంట జెర మంచిగ చెయ్యవా” యని వారి తల్లులడుగునపుడు ఆ కంఠములోని ఆర్తి నన్ను కలచివేయును. అయినను చర్మము ముహూర్తమునకు బద్ధము కాదు.

ముఖముపై కుట్లను సాధారణముగా 5 మొదలు 7 దినములలో తీయుదురు. అంచులు కలిసినట్లు పైకి కనబడినను, మూడు వారములు గడచునప్పటికి ఆ చోటు తన సహజబలములో ఇంచుమించు ఐదవ వంతును మాత్రమే తిరిగి పొందును. కావున చెక్కు దానంతట అది రాలి, పైపొర సంపూర్ణముగా మూసుకొని, శస్త్రవైద్యుడు సమ్మతించిన గాని ఆ చోట ఏ రంగును తాకింపరాదు. తెఱచియున్న గాయమున చొచ్చిన రంగు సూక్ష్మజీవులను లోనికి కొనిపోవుటయే గాక, పచ్చబొట్టువలె శాశ్వతముగా నిలిచిపోవచ్చును. చిందు భాగవతులు వేషమునకు పూసికొను అర్దళము ఆర్సెనికమును గంధకమును గూడిన ఖనిజమని తెలిసిన నాటినుండి, పేరును కూర్పును ముద్రింపని డబ్బాను నేను తెఱవను. పచ్చి కుట్లపై పసుపద్దు అలవాటును సైతము ఒప్పుకొనను.

1932లో కవర్‌మార్క్ అను లేపనమునకు పేటెంటు పొందిన అమెరికా వనిత లిడియా ఓలియరీ, తన చెంపపైని పుట్టుమచ్చను కప్పుకొనగోరియే ఆ ప్రయత్నమునకు పూనుకొనెను. మచ్చ భారమును మోసినవారినుండియే ఈ కళ మనకు సంక్రమించినదని తలచినపుడు నాకు గౌరవము కలుగును. మానిన మచ్చ ఎఱ్ఱనైనచో లేత ఆకుపచ్చ కన్సీలరును, కమిలిన ఊదాచాయకు పసుపుచాయను పలుచగా అద్ది, పైన దేహచ్ఛాయను పూయవలెను; రుద్దరాదు, లాగరాదు. ఉబికిన మచ్చ రంగును కప్పగలమే గాని ఉబ్బును కప్పలేము. స్పాంజి క్రొత్తది కావలెను. వేఱొక పెండ్లికూతురికి వాడిన బ్రష్షు పనికిరాదు. తుడుచునపుడు క్లెన్సరులో తడిపిన దూదిని మచ్చపై కొంతతడవుంచి మెల్లగా తీయవలెను. మన మెట్టసీమ యెండకు క్రొత్త మచ్చ నల్లబడును గనుక, వైద్యుని యనుమతిపై ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీను ఏడాదిపాటు మానరాదు.

వైద్యుని సమ్మతి లేనిచో గాయపడిన చెంపను విడిచి, కొప్పును, బాసింగమును, రెండవ వైపు కాటుకను శ్రద్ధగా తీర్చెదను. పూసిన పిదప మంటయో వాపో పుట్టెనా, ఫొటోలు ముగియువఱకు ఆగక వెంటనే కడిగించి ఆసుపత్రికి పంపెదను.