రేవులో ఓడ, ఓడ రేవులో

"రేవులో ఓడ ఉంది." "ఓడ రేవులో ఉంది."

అవే మూడు మాటలు. విశాఖలో పుట్టి పెరిగిన ఏ పిల్లవాడైనా ఈ రెండింటినీ కలగలపడు. మొదటి వాక్యంలో ఓడే కొత్త వార్త. రెండోదానిలో ఓడ సంగతి మనకు ముందే తెలుసు, ఎక్కడుందన్నదే కొత్త. ఇంగ్లీషులో చెప్పాలంటే మొదటి ఓడకు 'ఎ', రెండోదానికి 'ది'.

తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి అవి మనకు పట్టుబడవు అంటారు. అది సగమే నిజమని నా నమ్మకం. ఆ పేరుతో మాట లేదు గానీ, అది చేసే పని మన వాక్యంలో ఉంది. మనం మాటల్ని ముందుకీ వెనక్కీ జరిపి సాధించేదాన్ని ఇంగ్లీషు రెండు చిన్న పలుకులతో సాధించింది. అవి పుట్టిన చోటు చూస్తే మరీ దగ్గరివాళ్లలా కనిపిస్తాయి. పాత ఇంగ్లీషులో 'ఒకటి' అనే మాట అరిగి 'యాన్', 'ఎ' అయింది. 'ఆ' అని చూపించే మాట అరిగి 'ది' అయింది. మన 'ఒక ఓడ', 'ఆ ఓడ' జంటే ఇదీను.

1948 మార్చి 14న విశాఖలోని సింధియా షిప్‌యార్డులో నెహ్రూ 'జల ఉష' అనే ఓడను నీళ్లలోకి దింపారు. ఈ కబురు తెలియనివాడికి చెప్పేటప్పుడు అది 'ఎ షిప్'. రెండో వాక్యానికే 'ది షిప్' అయిపోతుంది, ఎందుకంటే ఈలోగా ఓడ వినేవాడి మనసులోకి వచ్చేసింది. ఆ యార్డు కట్టిన మొదటి ఓడ అనాలంటే మాత్రం తొలి వాక్యం నుంచే 'ది ఫస్ట్ షిప్'. మొదటిది ఒక్కటే ఉంటుంది కదా.

ఇక విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి వెళదాం. ఆర్టికల్స్ పనితనం నాకు అక్కడే బాగా కనిపిస్తుంది. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసుల్లో రెండింటికి నదుల పేర్లు పెట్టారు: ఒకటి గోదావరి, ఒకటి కృష్ణ. ఇంగ్లీషులో నది పేరు ముందు 'ది' ఉండి తీరాలి, కొలిమికి పెట్టిన పేరు ముందు అక్కర్లేదు. 'ది గోదావరి' అంటే రాజమండ్రి దగ్గర పారే నీళ్లు. ఉత్త 'గోదావరి' అంటే ఇక్కడ మండే కొలిమి. నీటినీ నిప్పునీ ఒక్క చిన్న పలుకు విడదీస్తోంది!

పక్కనే స్టీల్ మెల్ట్ షాపులో 'హీట్' అన్న మాట చూడండి. ఆర్టికల్ లేకపోతే అది వేడి, లెక్కపెట్టలేనిది. 'ఎ హీట్' అంటే కన్వర్టర్‌లో ఒక విడతలో తయారయ్యే ఉక్కు. షిఫ్టులో ఎన్ని హీట్లు తీశారని అడగవచ్చు, ఎంత వేడి తీశారని అడగలేం. 'స్టీల్' కూడా అంతే. ఆర్టికల్ లేకుంటే లోహం, 'ఎ స్టీల్' అంటే ఉక్కులో ఒక రకం. హద్దులేని పదార్థం చుట్టూ గీత గీసి, ఇదిగో ఒకటి అని చేతికిస్తుంది ఆ 'ఎ'.

ఆ కన్వర్టర్ పేరు ఎల్‌డీ. 'ఎ ఎల్‌డీ' కాదు, 'యాన్ ఎల్‌డీ కన్వర్టర్'. ఇంగ్లీషు అక్షరం హల్లే అయినా చెవికి వినిపించేది అచ్చు. ఇక్కడ మన లిపి గొప్ప సాయం: మాటను మనసులో తెలుగులో రాసుకుంటే చాలు. యూనిట్ 'య'తో మొదలవుతుంది కాబట్టి 'ఎ'. అవర్ 'అ'తో మొదలవుతుంది కాబట్టి 'యాన్'. ఒక్క జాగ్రత్త: మన నోట్లో 'ఎల్' చాలాసార్లు 'యెల్' అయిపోతుంది. ఉచ్చారణను కాక రాతనే నమ్ముకోవాలి.

రేవులో అయితే ఆర్టికల్ లేకపోవడానికీ అర్థముంది. 'ఎట్ ది సీ' అంటే సముద్రం ఒడ్డున, బీచిలో మనలాగా. 'ఎట్ సీ' అంటే నడిసముద్రంలో, నావికుడిలాగా. 'టు ది పోర్ట్' అంటే రేవుకి, 'టు పోర్ట్' అంటే ఓడలో ఎడమవైపుకి అని కూడా కావచ్చు.

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఆమోదించిన నావికుల ప్రామాణిక వాక్యాల్లో ఆర్టికల్స్‌ను కావాలనే చాలాచోట్ల వదిలేశారు. హోరుగాలిలో, వైర్‌లెస్ గరగరలో, పది దేశాల యాసల మధ్య ప్రాణం నిలిపే మాటే మిగలాలని. 'లెట్ గో పోర్ట్ యాంకర్' అన్న కేకలో 'ది' లేదు. ఎడమ లంగరు ఆ ఓడకు ఒక్కటే, ఏదన్న సందేహమే రాదు. ఆ సంగతే తీరిగ్గా ఒడ్డునున్నవాళ్లకు ఉత్తరంలో రాయాల్సి వస్తే, 'ది పోర్ట్ యాంకర్' అంటూ ఆ చిన్న పలుకు తిరిగొచ్చి తన చోట్లో కూర్చుంటుంది.