వచనం పక్కన తేదీ

తెలుగులో బైబిలు ధ్యానానికి, ప్రార్థన రాసుకోవడానికి పనికొచ్చే యాప్‌లకు ఇవాళ కరువేమీ లేదు. తెరిస్తే చాలు, పైన రోజుకో వచనం, కింద రాసుకోవడానికి ఖాళీ పెట్టె, మూలన వరసగా ఎన్ని రోజులు రాశారో చెప్పే అంకె. దాదాపు అన్నీ ఒకే మూసలో పోసినవే. గుంటూరు, ప్రకాశం జిల్లాల క్రైస్తవులకు మాత్రం ధ్యానం చేసుకునే పద్ధతి ఒకటి ఏర్పడి నూట యాభై ఏళ్లు ఎప్పుడో దాటిపోయాయి. ఆ పద్ధతి క్యాలెండరు చుట్టూ పుట్టింది కాదు, వచనం చుట్టూ, పాట చుట్టూ అల్లుకున్నది. అందులోని నేర్పు తెలుసుకోకుండా తెలుగు ధ్యాన యాప్ తయారుచేశామనేవాళ్లు బొత్తాల మీద అక్షరాలు మార్చారంతే.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం. 1842 జులై 31న లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరాడు. 1854 జనవరి 1 తెల్లవారుజామున బాప్తిస్టు మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. 1866లో అదే బాప్తిస్టు మిషనుకు చెందిన క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. ధాత కరువు నాటి రోజుల్లో, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ కదలికకు మొదటి అడుగు వేసింది దొరలు కాదు, తలకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ, అంతకుముందే రాజయోగం అభ్యసించినవాడు. మౌనంగా కూర్చుని మనసును నిలబెట్టడం ఆయనకు మిషను బంగళా నేర్పిన విద్య కాదు, ఈ నేల మీద అప్పటికే ఉన్న విద్య. ఆ తొలితరంలో చాలామందికి అక్షరం రాదు. పుస్తకం లేని భక్తి కంఠతతో నిలిచింది. బోధకుడు చెప్పిన వచనాన్ని అందరూ కలిసి అనేవాళ్లు, అప్పజెప్పేవాళ్లు, పాటగా పాడుకునేవాళ్లు. సండేస్కూలు పిల్లలు ఈనాటికీ అప్పజెప్పే బంగారు వాక్యానిది ఆ వంశమే. మన క్రైస్తవుల తొలి ధ్యాన పుస్తకం జ్ఞాపకం. యాప్ అన్నది ఆ జ్ఞాపకానికి చేయూత కావాలి గానీ దాని చోటు ఆక్రమించకూడదు.

పాట సంగతికి వస్తే నాకు మాట ఆగదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి, పాట నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. గంజాం సీమలో పనిచేసిన పురుషోత్తమ చౌదరి గారు, 1803లో పుట్టి 1890 దాకా బతికిన మహానుభావుడు, పరాయి బాణీకి తెలుగు మాటలు కూర్చే పని పెట్టుకోకుండా పల్లవి, చరణాల కట్టులోనే సువార్తను పలికించారు. ఆ కట్టులో ఉన్న కిటుకు చూడండి. ప్రతి చరణం తర్వాత పల్లవి తిరిగొస్తుంది. మాటలు అవే, బరువు వేరు. ఒప్పుకోలు చరణం తర్వాత అదే పల్లవి వేడుకోలులా వినిపిస్తుంది, స్తుతి చరణం తర్వాత కృతజ్ఞతలా వినిపిస్తుంది. ధ్యానం చేసేవాడికి ఇంతకు మించిన ఉపకరణం ఏముంది? సంవత్సరం మొదట్లో ఒక వచనాన్నో పాట పల్లవినో ఎంచుకోనిచ్చి, రాసిన ప్రతి పేజీ చివర దాన్నే మళ్లీ కళ్లముందు పెట్టే యాప్ ఏదైనా ఉందేమోనని వెతికితే నాకు కనబడలేదు. రోజుకో కొత్త వచనం, రోజుకో కొత్త ప్రశ్న విసరడమే తెలుసు వాటికి. తెలుగులో లోతైన క్రైస్తవ భాష లేదని, అందుకే ఇంగ్లీషు ప్రశ్నలను యంత్రంతో తెలుగు చేయిస్తున్నామని కొందరంటారు. వినుకొండలో పుట్టిన జాషువా క్రీస్తు చరిత్ర కావ్యానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన భాష ఇది! లేనిది భాషలో లోతు కాదు, తయారుచేసేవాళ్లకు వెతికే ఓపిక.

ఇక చదువొచ్చిన తరాలు చేసిన పని చూడాలి. పాత ఇళ్లలో జిప్పు సంచిలో పెట్టుకున్న తెలుగు బైబిళ్లను విప్పి చూస్తే, మొదటి ఖాళీ పేజీలో పిల్లల పుట్టిన తేదీలు, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, పెద్దల మరణాలు వరసగా ఉంటాయి. లోపల ఎర్ర పెన్సిలుతో గీసిన గీతలు. కొన్ని వచనాల పక్కన, అచ్చుకీ అంచుకీ మధ్య మిగిలిన వేలెడు జాగాలో, ఒక తేదీ, ఒక ఊరి పేరు, ఆసుపత్రి అనో పరీక్ష అనో ఒక్క మాట. అదే వచనం కింద కొన్నేళ్లకు వేరే సిరాతో ఇంకో తేదీ. ఇంతే రాత. కానీ దీని పనితనం గొప్పది. మళ్లీ ఎప్పుడైనా ఆ అధ్యాయం చదివినప్పుడు, వెతక్కుండానే, తన పాత కష్టం తన కళ్లముందుకు వస్తుంది. కొత్త సంవత్సరం ముందురాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో తీసుకున్న వాగ్దానం కార్డు కూడా ఆ పేజీలోనే దూరి ఉంటుంది. ఐరోపా సంప్రదాయం వేరు. జర్మనీలోని హెర్న్‌హూట్ మొరేవియన్లు 1731 నుంచి రోజుకో వచనం చొప్పున పుస్తకం అచ్చేస్తున్నారు, జాన్ వెస్లీ తేదీల వారీగా దినచర్య రాశాడు. అవీ మంచివే. ఇవాళ్టి యాప్‌లన్నీ తెలిసో తెలియకో ఆ దారిలోవే. మన దారిలో మాత్రం తేదీ వచనం కింద అణిగి ఉంటుంది. కాబట్టి తెలుగు ధ్యాన యాప్‌లో రాసిన ప్రతి మాటా ముందు వచనానికి ముడిపడాలి. వచనం తెరవగానే ఏడేళ్ల కిందటి తేదీ అంచున కనబడాలి. ఇది చేయడానికి పెద్ద సాంకేతిక విద్య అక్కర్లేదు, సమాచారాన్ని రోజు ప్రకారం కాక వచనం ప్రకారం అమర్చుకుంటే చాలు.

ముంగమూరి దేవదాసు అయ్యగారి పేరెత్తకుండా ఈ జిల్లాల ధ్యానం గురించి రాయడం కుదరదు. 1938లో ఆయన స్థాపించిన బైబిలు మిషను మహాసభలు ఏటా జనవరిలో నాగార్జున విశ్వవిద్యాలయం ఎదుట జరుగుతాయి. సన్నిధిలో కనిపెట్టడం ఆయన నేర్పిన సాధన. మనసు నిమ్మళించుకోవాలి, తప్పులు ఒప్పుకోవాలి, తనను సమర్పించుకోవాలి, స్తుతించాలి, ఆ తర్వాత మాటలు ఆపి దేవుని కోసం కనిపెట్టుకుని ఉండాలి. ఒప్పుకోలు దగ్గర చేసే పని కల్లంలో ఎండిన మిరపకాయల్లోంచి తాలు ఏరడం లాంటిది, తొందరపడితే మంచికాయ పోతుంది, తాలు మిగిలిపోతుంది. ఈ సాధనలో రాత చివర వస్తుంది. అందుకని యాప్ తెరవగానే కీబోర్డు పైకి లేవకూడదు. వచనం చూపించి తెర నల్లబడాలి, కాసేపు అలాగే ఉండాలి, ఆ తర్వాతే రాసే చోటు రావాలి. ఖాళీ తెరను తయారీదారులు లోపమనుకుంటారు. దేవదాసు అయ్యగారి శిష్యులను అడిగితే పని మొదలయ్యేదే అక్కడ అంటారు.

నాకు నిజంగా కోపం తెప్పించేది వరస రోజులు లెక్కపెట్టే ఆ స్ట్రీక్ అంకె. ఈ జిల్లాల్లో అక్టోబరు నుంచి పత్తి తీతలు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు నలభై రోజులు సరిగ్గా మిరప కోతల్లోనే పడతాయి. తెల్లారకముందే ఆటోలెక్కి పొలానికి పోయే ఆడకూలీలకు ఉదయం ఆరింటికి గంట కొట్టి, ఆ రోజు రాయలేదని అంకెను సున్నా చేసి, ఏడుపు బొమ్మ చూపించడం ధ్యానానికి చేసే సేవా? దేవుని ముందు కూర్చోవడాన్ని ఆటలో మార్కులుగా మార్చిన చవకబారు నకలు అది. దాని పక్కనే ప్రకటన కూడా వేస్తారు. పైగా రోజంతా కాయ కోసిన వేళ్ల మంట సబ్బుతో కడిగినా పోదు, ఆ వేళ్లతో అక్షరాలు కొట్టుకోమనడం ఎంత అన్యాయం? నోటితో చెబితే దాచుకునే ఏర్పాటు ముందుండాలి. నిమిషం మాటను సెకనుకు 16 కిలోబిట్ల చొప్పున దాచితే 120 కేబీ, ఏడాదంతా రోజూ చెప్పినా 44 ఎంబీ. ఇక రాతకు తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు, రోజూ 1,500 గుర్తుల పేజీ నింపినా ఏడాదికి 2 ఎంబీ దాటదు. ఎంత చిన్న ఫోనైనా మోస్తుంది. అక్షరం సంగతీ చెప్పాలి. ఇంగ్లీషుకు కొలిచిన వరస ఎడంలో తెలుగు పెడితే కింది వత్తులు తెగుతాయి. క్రీస్తు అన్న పేరులోనే క్రావడి, తావత్తు ఉన్నాయి. ఆ పేరే సరిగా కనబడని ధ్యాన యాప్‌ను ఏమనాలి?

ఇదంతా ఎందుకు, కొద్ది రూపాయలకు దొరికే నోటు పుస్తకం చాలదా అని అడగొచ్చు. చాలినవాళ్లకు చాలు, వాళ్లను ఫోను వైపు లాగే పని ఎవరూ పెట్టుకోకూడదు. కానీ హైదరాబాదుకో బెంగళూరుకో పోయిన పిల్లలు బైబిలు ఫోన్లోనే చదువుతున్నారు. 2008లో యూవెర్షన్ బైబిలు యాప్ వచ్చాక ఆ అలవాటు లోకమంతా పాకింది. చదివే చోట అంచు లేకపోతే రాసుకునే అలవాటే చచ్చిపోతుంది. ఫోనే పెద్ద ఆటంకం కదా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. నిజమే. అందుకే ధ్యానం సాగినంతసేపూ మిగతా గంటలు మోగకుండా ఆపడం, పని అయ్యాక ఇంకేదీ చూపించకుండా మూసుకోవడం యాప్ ధర్మం. ఎంతసేపు వాడారన్నది దాని విజయానికి కొలత కాకూడదు. ఒంటరిగా రాసుకోవడం తెల్లవాళ్ల అలవాటు, మనది సంఘంలో లేచి సాక్ష్యం చెప్పే అలవాటు అనేవాళ్లూ ఉన్నారు. సాక్ష్యం చెప్పాలంటే ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో గుర్తుండాలి. జవాబొచ్చిన ప్రార్థనను సాక్ష్యంగా గుర్తు పెట్టుకుని, ఆదివారం లేచి చదివి వినిపించేలా పెద్ద అక్షరాల్లో చూపిస్తే ఆ అలవాటుకు బలమే గానీ నష్టం లేదు.

దాపరికం విషయంలో మాత్రం రాజీ ఉండకూడదు. 2022లో మొజిల్లా సంస్థ 32 మానసిక ఆరోగ్య, ప్రార్థన యాప్‌లను పరిశీలించి వాటిలో 28 యాప్‌లకు దాపరికం విషయంలో హెచ్చరిక ముద్ర వేసింది. మన పల్లెల్లో రాసుకున్నది బయటపడడం మరీ ప్రమాదం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్న దళితులకే ఎస్సీ హోదా దక్కుతుంది. మతం మారిన పాస్టరుకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం రక్షణ వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. ఈ చట్టం న్యాయమా అన్యాయమా అన్నది వేరే వ్యాసం. ఎవరు ఏ రోజు ఏ ప్రార్థన రాసుకున్నారన్న చిట్టా ఏదో కంపెనీ సర్వర్లో పడి ఉంటే ఒక కుటుంబం బతుకుతెరువుకే ముప్పు రావచ్చు. ఇంట్లో ఒకే ఫోను నలుగురు వాడతారన్నదీ మరవకూడదు. భర్త గురించి భార్య దేవునికి చెప్పుకున్న మాట దేవుని దగ్గరే ఉండాలి. రాసినది ఫోన్లోనే, తాళం వేసి, ఎవరి పిన్ను వాళ్లకు ఉండేలా దాచాలి. పేరు, నంబరు, ఊరు ఏవీ అడగకూడదు. ఎంబీల లెక్క పైన చూశాం, సర్వరుకు పంపాల్సిన సాంకేతిక అవసరం ఎక్కడా లేదు.

గుంటూరు చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవలేదు, ఆ తరగతుల్లో ఆదివారం పాట పాడే పిల్లలకూ కొదవలేదు. లూథరన్, బాప్తిస్టు, బైబిలు మిషను సంఘాల పెద్దలకు నా మనవి ఒక్కటే. మైకులకు, ఎల్‌ఈడీ తెరలకు పెట్టే ఖర్చులో కొంత ఈ పిల్లల చేతిలో పెట్టండి. ప్రకటనలు, అంకెలు లేకుండా, ఉచితంగా, తెలుగు ధ్యానానికి తగ్గ యాప్ ఒకటి చేయించండి. చేసేముందు ఆ పిల్లలను కీర్తనలు కంఠతా వచ్చిన పెద్దమ్మల దగ్గర కొన్నాళ్లు కూర్చోబెట్టండి. ఆ పెద్దమ్మలు ఎల్లకాలం ఉండరు.