కోటయు నంగడియు

మన సీమనుగూర్చి వ్రాయబూనిన ప్రతి రచయితయు మొదట గండికోట కెక్కును. ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్న ప్రవహించు ఆ లోయయంచున నిలిచి, మాధవరాయస్వామి గోపురమును, జామియా మసీదును, ధాన్యాగారమును, కారాగారమును వరుసగా వర్ణించి, పెమ్మసాని నాయకుల పౌరుషమును స్మరించి, 1650వ సంవత్సరమున కోట మీర్ జుమ్లా వశమైన తీరునకు వగచి, కాలమహిమకు నిట్టూర్చి కలము దించును. ఇట్టి వ్యాసములు నేను చదివినవే పదుల సంఖ్యలో నున్నవి. వానిని నిందించుట నా యభిప్రాయము కాదు. కోట గొప్పది, లోయ యంతకన్న గొప్పది. కాని నాకొక సందేహము కలదు. ఆ రచయిత కోటకు వచ్చిన త్రోవ యేది? జమ్మలమడుగు బజారు మీదుగా గదా! అచ్చట బండి దిగి, ఏదో యంగడి యరుగుపై గూర్చుండి, దాహము దీర్చుకొని, దారి యడిగి తెలిసికొనియే గదా కోట కెక్కినది! ఆ యరుగు, ఆ యంగడి, దారి చెప్పిన యా మనుష్యుడు వ్యాసమునం దేల కానరారు?

ఈ సందేహము చిన్నదిగా దోచవచ్చును. నా మట్టుకు నిది మన సాహిత్యము యొక్క చూపునకు సంబంధించిన పెద్ద ప్రశ్న.

శిథిలములను జూచి కన్నీరు విడుచుట ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున మన కవిత్వమున నొక గొప్ప ధోరణి యయ్యెను. కొడాలి సుబ్బారావుగారి ‘హంపీక్షేత్రము’, పుట్టపర్తి నారాయణాచార్యులుగారి ‘పెనుగొండలక్ష్మి’ ఈ జాతి రచనలలో ప్రసిద్ధములు. పరప్రభుత్వమున నున్న జాతికి తన పూర్వవైభవమును జ్ఞప్తి చేయుట యానాడు ధర్మమే. ఆచార్యులవారు పెక్కేండ్లు ప్రొద్దుటూరున నివసించిరి. వారి ‘శివతాండవము’ పుట్టినది ఆ యూరి అగస్త్యేశ్వరాలయముననే. గుడి కావ్యరచనకు తావిచ్చినది. ఆ గుడి చుట్టును కాపురమున్న అంగడివీధులకు మాత్రము కావ్యమున తావు దొరకలేదు. ఇది కవి దోషము కాదు, కాలము యొక్క యభిరుచి. అయితే దేశము స్వతంత్రమై పెక్కు దశాబ్దములు గడచిన పిమ్మటను మనమా యభిరుచినే పట్టుకొని వ్రేలాడుట మాత్రము మన దోషమే.

కోట వేఱు, అంగడి వేఱు అనుకొనుటయే మొదటి పొరపాటు. 1652వ సంవత్సరమున గండికోటను దర్శించి, దాని వృత్తాంతమును లోకమునకు దెలిపిన టావెర్నియే యెవరు? ఫ్రాన్సు దేశపు రత్నవర్తకుడు. ముత్యములను, మణులను మీర్ జుమ్లాకు జూపుటకై వచ్చినవాడు. ఆ మీర్ జుమ్లా మాత్రమెవరు? సేనానియే గాక వజ్రముల వ్యాపారము, ఓడల బేరము నడపిన మహావర్తకుడు. అతడు కాలివ్రేళ్ళ సందునను, ఎడమచేతి వ్రేళ్ళ సందునను జాబు లిఱికించుకొని, ఒక్కొక్కటి తీసి ప్రత్యుత్తరములు చెప్పి వ్రాయించుచుండెనని టావెర్నియే వర్ణించెను. ఇది రాజసభ వర్ణనవలె నున్నదా, పెద్ద మండీలో లెక్కల ప్రొద్దువలె నున్నదా? చదువరులే చెప్పవలయును. కోటను జయించినవాడు వర్తకుడు. దానిని వర్ణించినవాడు వర్తకుడు. మనము మాత్రము కత్తిని వర్ణించి తక్కెడను మఱచితిమి.

మన పూర్వు లిట్లు మఱచినవారు కారు. సంస్కృత లాక్షణికులు చెప్పిన దశరూపకములలో నొకదానికి పేరే ‘వీథి’. తెలుగున నా జాతికి జెందిన ‘క్రీడాభిరామము’ను మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో బ్రకటించి మనకు దక్కించిరి. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ‘ప్రేమాభిరామము’ దానికి మూలము. మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగల్లు వీథులలో నొకదిన మెల్ల దిరుగుటయే దాని కథ. పూటకూలియింట నొక్క రూకకు దొరకు భోజనమేమో, ఏ సందున నేమి కలదో, ఎవరు దేనిని జూచి యానందించుచున్నారో అందు కన్నులకు గట్టినట్లుండును. రాజుల వంశావళులు చదివి తెలిసికొనజాలని ఓరుగల్లు ఆ చిన్న పొత్తమువలన దెలియుచున్నది. అయినను విమర్శకుడు దాని కొఱతయు జెప్పవలయును. అందలి వీథి విహరించువారి వీథి. వీథిలో బ్రతుకువారిది కాదు. పూటకూలియింటి భోజనము రుచి తెలియును. దానిని వండిన స్త్రీ ఏ వేకువను లేచెనో తెలియదు.

తరువాతి కాలపు మన సాహిత్యమున వర్తకుడు దిగజాఱెను. సామెతలలోను, చాటువులలోను అతడు పిసినిగొట్టు, పిఱికి, నవ్వులపాలగువాడు. ఒక కులము నంతటిని ఒక హాస్యమునకు గుదించుట యెంత యన్యాయమో, కులదూషణమును గర్హించు సంస్కారప్రియులు సయితము గ్రహింపకుండుట వింత. దీనికి బ్రతిగా వర్తకసంఘములవారు వెలువరించు స్మారకసంచికలు రెండవ తప్పు చేయును. వానిలో దాతలే యుందురు, ఖాతాదారులుండరు. సత్రముల పేళ్ళుండును, వడ్డీ రేట్లుండవు. నిందయు స్తుతియు రెండును వీథిని గప్పివేసినవే.

సంఘసంస్కర్తలైన రచయితలు వీథిని జూచిరి గాని, వ్యసనముల వెలుగున జూచిరి. ‘కన్యాశుల్కము’న గురజాడవారు విజయనగరపు పూటకూళ్ళమ్మను, సారాదుకాణమును చిరస్మరణీయముగా జిత్రించిరి. కాని పప్పు లమ్ము నంగడి, బట్ట లమ్ము నంగడి, కంసాలి కుంపటి వారి సంస్కరణకార్యమున కవసరము కాలేదు. సంస్కర్తకు దోషము కనబడిన తావే కనబడును. మనుష్యుడు ప్రతిదినమును మనుష్యునితో వ్యవహరించు తావు కనబడదు. నా యభిప్రాయమున సంఘము యొక్క నిజమైన పరీక్ష యచ్చటనే జరుగుచున్నది.

ఇక ప్రొద్దుటూరి వీథి నొకపరి చూతము. కడపమండలపు నీలిమందు ఒకప్పుడు దేశాంతరముల కెగుమతి యైన సరకు. జర్మనీవారు 1897లో రసాయన నీలిని సంతకు దెచ్చిరి. చెట్టునుండి తీయు నీలి క్రమముగా వెల గోల్పోయెను. ఎచ్చటనో యొక కర్మాగారమున జరిగిన పనికి పెన్నయొడ్డున నీలితొట్లు ఎండెను. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతముల నల్లరేగడిలో ప్రత్తి నిలిచెను. మద్రాసునుండి రాయచూరునకు 1871లో పూర్తియైన ఇనుపదారి ఎర్రగుంట్ల మీదుగా బోయెను. ప్రొద్దుటూరికి మాత్రము నంద్యాల–ఎర్రగుంట్ల మార్గము 2016లో తెఱచువఱకు స్టేషను లేదు. కనుక బేళ్ళు ఎద్దులబండ్లపై ఎర్రగుంట్లకు సాగెను. 1915లో పురపాలకసంఘ మేర్పడిన యీ పట్టణము తరువాతి కాలమున బంగారపు వర్తకముచే ‘పసిడిపురి’ యని పేరొందెను. నీలి, ప్రత్తి, పసిడి – ఈ మూడు మాటలలో నొక నవల యున్నది. దానిని వ్రాసినవారేరి?

ఆ వీథిలోని యంగడి ముంగిలియే చదువదగిన గ్రంథము. నిలువుపలకలను వరుస తప్పకుండ దీసి గోడకు జేర్చుట, గడప కడిగి ముగ్గు పెట్టుట, గల్లాపెట్టెకు మ్రొక్కుట, తక్కెడను కన్నుల కద్దుకొనుట – ఇవి దినారంభపు సంధ్యావందనములు. లోపల పఱుపుపై యజమానుడు, ప్రక్కను చిట్టా వ్రాయు గుమాస్తా. చిట్టాలోని ప్రతి పద్దును సాయంకాలమునకు ఆవర్జాలో నెవరి పేర వారికి బంచవలయును. ఒక రైతుకుటుంబపు పదేండ్ల బ్రతుకు ఆ యావర్జాపుటలో నుండును: పెండ్లికి గొన్న బట్టలు, పురుటికి గొన్న శొంఠి, కఱవునాటి గింజలు, పంట వచ్చిన నాటి జమ. కవి వ్రాయని చరిత్రను గుమాస్తా వ్రాసెను. రెండంగడుల కావల కంసాలి కుంపటి. ఊదుగొట్టము, పట్టుకారు, గీటురాయి, గురిగింజలు అతని సామగ్రి. పసిడి మేలిమిని రాతిమీది గీటుచే నిర్ణయించునప్పుడు కొనువారికి ఆధారము అతని మాట యొక్కటియే. 1963లో బంగారపు నియంత్రణ నిబంధనలు వచ్చి, పదునాల్గు కారట్లకు మించిన నగలు చేయరాదన్నప్పుడు పనివాండ్రనేకులు జీవనాధారము గోల్పోయిరి. 1968లో చట్టమైన యా నియంత్రణము 1990లో రద్దయ్యెను. 2021 జూన్ నుండి అనేక జిల్లాలలో నగపై హాల్‌మార్కు ముద్ర విధిగా వచ్చినది. మాటపై నమ్మకము ముద్రపై నమ్మకముగా మాఱుట మంచిదా చెడ్డదా? ముద్ర బీదవానిని మోసమునుండి కాపాడును. నేను ముద్రనే కోరుదును. కాని ఆ మార్పున నేమి పోయెనో, ఎవరు పోయిరో చెప్పు కథ యొకటి యుండవలదా?

అన్నిటికన్న ముఖ్యమైనది గడప. అంగడి యందఱిదని మన మందుము. అందఱును లోనికి రాగలిగిరా? కొందఱు అరుగు మీదికి వచ్చిరి. కొందఱు వీథిలో నిలిచి, చాపిన కొంగులో సరకు దూరమునుండి విసరించుకొని, నాణెమును నేలపై నుంచి పోయిరి. కాఫీహోటళ్ళలో కులమునుబట్టి పంక్తులు వేఱు చేయబడెను. 1922లో ‘మాలపల్లి’ని వ్రాసిన ఉన్నవవారికి ఈ గడప యెంత యెత్తో తెలియును. రాజ్యాంగసభలో 1948 నవంబరున అంగడి యన నేమని ప్రశ్న వచ్చినప్పుడు, డాక్టరు అంబేద్కరు దానిని మిక్కిలి విశాలముగా నిర్వచించెను: అడిగివచ్చు నెవరికైన తన సేవ నందించుటకు యజమానుడు సిద్ధపడి కూర్చున్న ప్రతి తావును అంగడియే యని యాయన తాత్పర్యము. ఇంతకన్న గొప్ప సాహిత్యవిమర్శ నేను చదువలేదు. ఒక్క మాట యర్థమును విప్పి, ఒక జాతి ప్రవర్తనమును ప్రశ్నించినాడు. రాజ్యాంగపు పదునైదవ అధికరణమున అంగడులు, హోటళ్ళు అందఱికి దెఱవబడెను. 1955 నాటి చట్టము నిరాకరణమును నేరముగా జేసెను. ఆ పిమ్మటను పెక్కు పల్లెల టీయంగడులలో రెండు తెగల గ్లాసులు నిలిచియుండుట మన మెఱిగినదే. గడపను దాటిన మొదటి మనుష్యుని కథయు, దాటనిచ్చిన మొదటి యజమానుని మనస్సులోని కలతయు మన కథకులకు దగిన వస్తువులు కావా?

గృహిణుల సంగతియు నిట్టిదే. పెద్దయిండ్ల స్త్రీలు అంగడికి బోవుట తప్పుగా నెంచబడిన కాలమున బట్టలమూట ఇంటికే వచ్చెను. కోక నెన్నుకొన్నది ఆమెయే. వెల నిర్ణయించినది పురుషుడు. ఆమె స్వయముగ అంగడి మెట్లెక్కి, “ఇది వలదు, అది చూపుడు” అన్న దినము ఆ యింటి చరిత్రలో చిన్న దినము కాదు. మన పత్రికలు స్త్రీవిద్యనుగూర్చి వేనవేలు పుటలు వ్రాసెను. స్త్రీచేతికి డబ్బుసంచి వచ్చిన దినమునుగూర్చి యెన్ని పుటలు వ్రాసెను?

ఇతరదేశముల వారిని జూతము. ఫ్రాన్సున జోలా 1883లోనే ఒక మహావిపణి చుట్టునున్న చిన్న బట్టలకొట్లను, గొడుగుల పనివానిని ఎట్లు మ్రింగివేసెనో నవలగా వ్రాసెను. మన ప్రక్కనే ఆర్. కె. నారాయణ్‌గారు 1952లో, సహకారబ్యాంకు నెదుట మఱ్ఱిచెట్టుక్రింద రేకుపెట్టె పెట్టుకొని రైతులకు అప్పుల దారి చూపు మార్గయ్యను సృజించిరి. అట్టి మార్గయ్యలు మన తాలూకా యూళ్ళలో కచ్చేరి కొకడు చొప్పున నుండిరి. దక్షిణదేశపు వీథి లోకప్రసిద్ధ మయ్యెను. కాని యింగ్లీషున నయ్యెను.

దీనికి గారణములలో భాష యొకటి. చిట్టా, ఆవర్జా, ఖాతా, బాకీ, వసూలు – వీథిలోని మాట లన్నియు మిశ్రభాష. కడపలో గాపురముండి పండితుల బోషించిన బ్రౌనుదొర ఆ మాటలకై 1854లో ప్రత్యేకముగా మిశ్రభాషానిఘంటువును సంకలనము చేసెను. పరదేశీయునకు కావలసిన మాటలు మన పండితులకు మైలయయ్యెను. మాటను గడపవెలుపల నుంచినవారు, ఆ మాటలతో బ్రతుకు మనుష్యుని మాత్రము లోనికి రానిత్తురా? ఈ వ్యాసమును గ్రంథికమున వ్రాయుచున్న నేనును ఈ దోషమునుండి ముక్తుడను కాను.

కొంతకాలము క్రిందట నేనొక పట్టణమున వేరుసెనగకాయలు కొంటిని. పొట్లము విప్పి చూడగా నది పాత ఆవర్జాపుట. చక్కని వ్రాలు, ఎడమ నప్పు, కుడిని జమ, అడుగున నింకను తీరని బాకీ. ఎవరిదో పేరు మాత్రము చినిగిపోయెను. అంగడివానిని అడుగగా, పాతపుస్తకములు మణుగులలెక్కను తూకమునకు వచ్చినవనియు, అప్పటికే సగము పొట్లములైనవనియు జెప్పెను. గండికోట గోడనుండి యొక రాయి దొలగిన పత్రికలలో వార్త వచ్చును. వందయేండ్ల వీథిచరిత్ర పొట్లములై పోవుచున్నను అడుగువారు లేరు.

చదువరులారా! మీ యింట అటుకమీద నిట్టి పుస్తకము లున్నచో తూకమున కమ్మకుడు. మీ యవ్వ యింకను బ్రతికియున్నచో, ఆమె మొదట నే యంగడి మెట్లెక్కెనో, ఎచ్చట నామె నెక్కనీయలేదో అడిగి వ్రాసికొనుడు. మిగిలిన సగము పుటలను నేను కొని తెచ్చితిని. వానిలో బాకీలే యెక్కువ.