కిటికీలో కొల్లేరు, కంచంలో బోన్‌లెస్

ఈ మధ్య ఎక్కడ నాలుగు నీళ్ళు కనిపిస్తే అక్కడ ఓ ఏసీ హోటలు లేస్తోంది. కొల్లేటికీ ఆ యోగం పట్టింది. అద్దాలన్నీ నీళ్ళవైపు తిప్పి కట్టిన అలాంటి హోటలొకదానికి తాడేపల్లిగూడెం నుంచి మేమూ, ఏలూరు నుంచి మా ఆడపడుచూ వెళ్ళాం. పేరెందుకు లెండి, నాకు పేచీ ఆ ఒక్క హోటలుతో కాదు.

ముందు మంచే చెబుతాను. చలికాలం మధ్యాహ్నం, కిటికీ పక్క కుర్చీ, దూరంగా గూడబాతులు బారులు తీరి దిగుతుంటే మావారు ఆకలి సంగతే మరిచిపోయారు. అది చిన్న విషయం కాదు! బల్లలు శుభ్రంగా ఉన్నాయి. రొయ్యల వేపుడు నిజంగా బాగుంది. రొయ్య బిరుసెక్కకుండా సమయానికి దింపిన చెయ్యి ఎవరిదో గాని, మెచ్చుకోవాలి.

ఇక మెనూ కార్డు. వంజరం, చందువా, ఇంకేవో సముద్రపు చేపలు. కొల్లేరేమో మంచినీటి సరస్సాయె! ఉప్పునీటి చేప ఐసుపెట్టెలో ఇక్కడికొస్తోంది. ఇక్కడి చెరువుల్లో పెంచిన బొచ్చె, శీలావతి అదే ఐసులో లారీలెక్కి బెంగాలుకీ అస్సాముకీ పోతున్నాయి. దారిలో రెండూ ఎదురుపడి పలకరించుకుంటాయి కాబోలు. అపోలో ఫిష్ తెచ్చిన కుర్రాణ్ణి, "ఇది ఏం చేప బాబూ?" అని అడిగాను. "బోన్‌లెస్ మేడమ్" అన్నాడు.

చేపల పులుసు అడిగితే టమాటా, జీడిపప్పు ముద్ద, పైన మీగడ వేసి తెచ్చారు. మా ఆడపడుచు ఒక ముద్ద తిని, "వదినా, ఇది పులుసా, కుర్మాయా?" అంది. నేనేం చెప్పను? పులుసంటే చింతపండు, పచ్చిమిర్చి, నాలుగు మెంతులు, వెడల్పాటి మట్టి దాక. ముక్కలు పడ్డాక గరిటె పెట్టకూడదు, దాకను రెండు చేతులా పట్టి కుదపాలి. ఇవాళ వండింది రేపు పొద్దుటికి గాని అసలు రుచికి రాదు. హోటలువాళ్ళకి రేపటిదాకా ఆగే ఓపిక ఎక్కడిది?

కొర్రమీను సంగతి అడిగాను. లేదట. మా అమ్మమ్మగారింట్లో కొర్రమీను బకెట్లో బతికే ఉండేది. అది పైకొచ్చి గాలి పీల్చుకునే చేప కదా. కల్లుప్పూ, బూడిదా వేసి జిగురు పోయేలా తోమడం ఆడవాళ్ళకి ఓ పెద్ద పని. మట్టగిడసలు, ఇంగిలాయిలు, బొమ్మిడాయిలు, వేటికవే వేరు వేరు పులుసులు.

నింద మొత్తం వంటవాడి మీద వెయ్యడం న్యాయం కాదు. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే నీళ్ళు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయే దారిలో, గట్లు పోసి చేపల చెరువులు తవ్వుకుంటూ పోయారు. 1999లో అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో గట్లు కొట్టారు. తర్వాత చాలాచోట్ల అవి మళ్ళీ లేచాయి. సరస్సులో తనంతట తాను పెరిగే చేపకి చోటు తగ్గితే, దాన్ని వండే పద్ధతి కూడా ఇళ్ళలోంచి జారిపోతుంది. నా బెంగంతా దాని గురించే. మా అమ్మాయికి కొర్రమీను తోమడం రాదు. నేర్పిద్దామంటే బజారులో అదెప్పుడో గాని దొరకదు, దొరికితే ధర చెప్పాక మనమే వెనక్కి తగ్గుతాం.

అయినా ఆ హోటలువాళ్ళు చెయ్యగలిగింది ఒకటుంది. చుట్టూ లంక గ్రామాల్లో ఈ పులుసులు పెట్టే ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. వారానికి రెండురోజులైనా ఒకావిణ్ణి పిలిచి, మంచి జీతమిచ్చి, పొయ్యి ఆవిడకి అప్పగిస్తే ఏం పోయింది? ఆ రోజు వలలో ఏది పడితే అదే పలకమీద రాయొచ్చు, ముల్లున్నా సరే.

అందాకా వెళ్ళేవాళ్ళు నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్ళండి. కిటికీ పక్కనే కూర్చోండి. రొయ్యల వేపుడూ, అన్నమూ, పెరుగూ చెప్పండి. పులుసు మాత్రం ముందురోజు రాత్రి ఇంట్లో పెట్టుకోండి, తిరిగొచ్చాక పనికొస్తుంది.