ఎవరి అమ్మభాష? అఫ్జల్‌గంజ్‌లో గూగీని చదువుతూ

ఇంగ్లీషు మీద చర్చ లేచినప్పుడల్లా మన మేధావులు గూగీ వా థియాంగోను ముందు నిలబెడతారు. 1977 చివర్లో జైలుకెళ్లి, అక్కడి టాయిలెట్ కాగితాల మీద గికుయూలో నవల రాసిన మనిషి. 2025 మేలో పోయిండు. ఆ నవలను 'మట్టికాళ్ల మహారాక్షసి'గా తెలుగు చేసిన వరవరరావు కూడా అప్పుడు జైల్లోనే ఉన్నాడు. గూగీ మీద మాకు గౌరవం ఉంది. ఆయన మాటను ఇక్కడ ఎవరు, ఎవరి మీద వాడుతున్నారన్నదే మా ప్రశ్న.

బడి దగ్గర గికుయూ మాట్లాడిన పిల్లల్ని ఎట్లా కొట్టారో, మెడలో రేకులు కట్టి ఎట్లా అవమానించారో గూగీ 1986 నాటి 'డీకాలనైజింగ్ ద మైండ్'లో రాశాడు. కెన్యాలో ఆ పని చేసింది ఇంగ్లీషు. మన వాడపిల్ల 'గిట్ల', 'గట్ల' అంటే నవ్వి దిద్దింది తెలుగు వాచకమే. కోస్తా జిల్లాల అగ్రవర్ణాల తెలుగు ప్రామాణికమై కూచుంది. లంద, ఆరె, రంపె అన్న మాటలు ఏ పాఠంలో కనపడ్డయి? తంగేడు చెక్కతో తోలు ఎట్ల పదునైతదో చెప్పే విద్యంతా ఆ మాటల్లోనే ఉంది.

అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో ఆసఫియా పేరుతో పుట్టింది. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ వైద్యం కూడా ఉర్దూలో చెప్పింది. దేశభాషలో సైన్సు చెప్పలేమన్న వాదం ఈ నగరంలోనే ఓడింది. అయినా, ఆ లైబ్రరీకి కొద్ది దూరాన ఇసామియా బజార్‌లో 1910లో భాగ్యరెడ్డి వర్మ మన పిల్లలకు వేరే బడి పెట్టాల్సొచ్చింది. దేశభాష అయినంత మాత్రాన తలుపు తెరుచుకోదు.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2022లో తెలంగాణ సర్కారూ ఇంగ్లీషు మీడియం దారి పట్టింది. అమ్మభాష చచ్చిపోతున్నదని కన్నీళ్లు పెట్టుకున్న పెద్దల్లో తమ పిల్లల్ని తెలుగు బడికి పంపినోళ్లు ఎంతమంది?

మేం ఇంగ్లీషును వదలం. కానీ ఇంగ్లీషుకూ లంద తెలియదు. వాడ మాట పోతే అవ్వ పనితనమూ పోతది. గూగీ కొట్లాట భాషల నడుమ ఎక్కువ తక్కువల మీద. కులంలో పుట్టినోళ్లకు ఆ ఎక్కువ తక్కువలు ఎవరూ నేర్పనక్కర్లేదు. అందుకే మేం రెండూ అడుగుతున్నం: ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు కావాలి, వాచకంలోకీ నిఘంటువులోకీ వాడ తెలుగు రావాలి. 'మాండలికం' అని మూలకు నెట్టి కాదు, విద్యగా రావాలి.