పిడికిలికి అమరిన గిలక్కాయ

విజయవాడలో బొమ్మలంటే కొండపల్లి పేరే ముందు వస్తుంది. ఊరికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో తెల్ల పొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో కాళ్లూ చేతులూ అతికి, సుద్ద పూసి రంగులు దిద్దే ఆ పనితనానికి వంక పెట్టేదెవరు? అయినా ఒక మాట చెప్పక తప్పదు. అంబారీ ఏనుగు సంక్రాంతి బొమ్మల కొలువులో నిలబడడానికి పుట్టింది, ఆరు నెలల పిల్ల నోటికి కాదు. అతికిన తొండం ఊడి రావచ్చు, ఎనామిల్ రంగు కడుపులోకి పోవచ్చు. చంటిబిడ్డ చేతికి తగినది లేపాక్షి హస్తకళల దుకాణాల్లో వాటి పక్కనే దొరుకుతుంది: అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాక లక్క గిలక్కాయ.

దాన్ని చేతిలోకి తీసుకుని వేలితో తడిమి చూడండి. ఎక్కడా మూల తగలదు, అంచు గుచ్చుకోదు. దీన్ని చేసే అంకుడు కర్ర మెత్తనిది, ఉలికి మొరాయించదు. లేత్ మీద తిరిగే కర్రకు ఉలి ఆనించి ముందు రూపం తీస్తారు, తర్వాత నున్నగా చేస్తారు. అసలు విద్య ఆ తర్వాతే. కర్ర ఇంకా తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి అదిమి పడతారు. కుంచె లేదు, పొయ్యి లేదు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రను పట్టేస్తుంది. పైన మొగలి ఆకు ఆనిస్తే పూత పలచగా పరుచుకుని మెరుపు తేలుతుంది. ఎంత అదమాలో, ఎప్పుడు తీయాలో పుస్తకంలో రాసి నేర్పేది కాదు, చేతికే తెలియాలి. మందు బిళ్లలకూ మిఠాయిలకూ వేసే షెల్లాక్ పూత కూడా ఈ లక్క నుంచి తీసిందే.

రంగుల విషయంలో ఏటికొప్పాకకు చెందిన సి.వి. రాజు గారికి మనం రుణపడి ఉన్నాం. రసాయన రంగులు ఊరంతా అలవాటైన రోజుల్లో పసుపు, నీలిమందు, జాఫరా గింజల వంటి వాటిని మళ్లీ లక్కలోకి తెచ్చారాయన. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చాయి.

ఇక బిడ్డ వైపు నుంచి చూద్దాం. పుట్టిన కొత్తలో చూపు బాగా ఆనేది 20, 30 సెంటీమీటర్ల దూరానికే. అదీ లేత రంగుల మీద కాదు, ముదురూ లేతా పక్కపక్కన ఉన్న పట్టీల మీద. (పసివాళ్ల వస్తువులన్నీ వెలిసిపోయిన గులాబీలో ఎందుకు చేస్తారో దుకాణదారులకే తెలియాలి.) అరచేతికి ఏది తగిలినా గుప్పిట దానంతటదే మూసుకుంటుంది. అందుకే పిడి ఆ చిన్న వేళ్లు చుట్టుకునేంత సన్నగా ఉండాలి. నాలుగైదు నెలలకు బిడ్డ తానే చెయ్యి చాచి అందుకుంటుంది. ఊపితే మోగింది, ఆపితే ఆగింది. తన చెయ్యి చేసిన పనికి లోకం బదులిస్తుందని తెలిసేది అక్కడే. బ్యాటరీ బొమ్మ మీట ఎలా నొక్కినా ఒకే పాట పాడుతుంది, గిలక్కాయ మాత్రం మెల్లగా ఊపితే మెల్లగా, విసురుగా ఊపితే విసురుగా పలుకుతుంది. ఆరు నెలలకు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, అక్కణ్ణుంచి నోట్లోకి. నున్నదనం, బరువు, గుండ్రదనం అన్నీ ఆ వయసులో నాలుకే తేలుస్తుంది.

తాటాకుతో అల్లి లోపల నాలుగు గులకరాళ్లు వేసిన గిలక్కాయకూ ఊపిన తీరుకు పలికే ఈ గుణం ఉంది. కాకపోతే ఆకు ఎండేకొద్దీ అంచులు కోసుకుంటాయి.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ, నమోదైన హస్తకళాకారులు చేసి అమ్మేవాటికీ మినహాయింపు ఇచ్చారు. మంచి నిర్ణయమే, కానీ పరీక్షించే బాధ్యత కొనేవాళ్ల మీద పడింది. కాబట్టి రంగు దేనితో చేశారో అడగండి. గిలక్కాయ మూత అతుకు లాగి చూడండి. 32 మిల్లీమీటర్ల కన్నా సన్నని ముక్క ఊడి వచ్చేలా ఉంటే అక్కడే పెట్టేయండి. ఇంటికి తెచ్చాక వేడినీళ్లలో మరిగించకండి, లక్క పాడవుతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు.